కొప్పెర దగ్గర మనిషి

జనవరి 22

విత్తనాల అంగడిలో ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా రైతుకు ఒక సలహా అచ్చేశారు. ఈరోజు సలహా: ‘మట్టి పరీక్ష చేయించండి.’ మట్టి ఎలా ఉందని అడిగేవాళ్ళన్నా ఉన్నారు.

ఈ ఏటి మొదటి కొప్పెర బెల్లం ఈరోజు దించాం. మా ఊరు తొండేభావి చుట్టుపక్కల చెరుకు వేసేవాళ్ళే తక్కువ. వేసినవాళ్ళంతా అచ్చుబెల్లం చేస్తారు. మాది మాత్రం జోనిబెల్లం. తేనెలాగా సీసాలోకి జారాలి. అచ్చుకైతే ఇంకో పది నిమిషాలు మంట కావాలి. దీన్ని ఆ పది నిమిషాల ముందే దించాలి. నలభై ఏళ్ళు అచ్చులు పోసిన మునికృష్ణప్పకు చెయ్యి ఆగదు. అందుకే ఆయన పొయ్యి చూస్తాడు, నేను పాకం చూస్తాను.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి. మొదటి కొప్పెర దించేముందు ఇంటి ఆడమనిషి గంటెడు పాకం రుచి చూసి ‘దించు’ అనాలి. ఆ మాట పడకుండా దించకూడదు. అమ్మ పోయిన ఏడాది నేను గంటె పట్టుకొని అలాగే నిలబడిపోయాను. కొప్పెరంతా ముదిరి గడ్డకట్టింది. ఈసారి మునికృష్ణప్పే ఆడగొంతు పెట్టి “దించు నాయనా” అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన తలగుడ్డతో కళ్ళు తుడుచుకొని, పొగ అన్నాడు.

జనవరి 25

నరసింహయ్య వచ్చాడు. పెళ్ళిళ్ళు కుదిర్చే నరసింహయ్య. నాకు ఇప్పటికి పదమూడు సంబంధాలు చూపించాడు. పదమూడు చోట్లా ఒకటే మాట: అబ్బాయి మంచోడే, ఆ సేద్యమే. నాకు ముప్పై తొమ్మిది. నా సావాసగాళ్ళ పిల్లలు హైస్కూలుకు వచ్చేశారు.

“చూడప్పా కిశోరూ, వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దోళ్ళు. నేను ఒక్కటే ఆడమంటాండా” అన్నాడు.

ఆ ఒక్కటీ ఏమిటంటే, నేను బెంగళూరులో ఏదో తిండి సామాన్ల కంపెనీలో సూపర్‌వైజర్. ఊళ్ళో చెరుకు, గానుగ ఉన్నాయి గానీ కూలోళ్ళు చూసుకుంటారు. పండగలకు మాత్రం వచ్చి పోతాను.

“రేపు తెలిస్తే?” అన్నాను.

“పెళ్ళైనంక తెలిసేవి ఇంకా చానా ఉంటాయిలే. దాంట్లో ఇదొకటి.”

నేను సరేననలేదు. వద్దని కూడా అనలేదు.

జనవరి 27

బయోడేటా తయారైంది. ఎనిమిదేళ్ళ నాటి ఫోటోకు కంప్యూటర్లో కోటు తొడిగించాడు. కోటు బాగుంది. మెడ పైన నేనే.

ఫిబ్రవరి 1

చింతామణి ఊరి సంబంధం. పేరు భాను. ముప్పై నాలుగు. ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒకసారి పెళ్ళైంది, రెండేళ్ళకే విడిపోయారు. నరసింహయ్య ఈ ముక్క గొంతు తగ్గించి చెప్పాడు, తప్పంతా ఆమెదైనట్టు. నాకు కోపం వచ్చింది. లేని కోటు తొడుక్కున్నవాడికి కోపమొకటి!

ఫోటో ఫోనుకు వచ్చింది. గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ. ఒకసారి చూసి పెట్టేశాను.

ఫిబ్రవరి 2

ఛార్జింగ్ ఎంతుందో చూద్దామని ఫోను తీస్తే ఫోటో కనిపించింది.

ఫిబ్రవరి 5

మునికృష్ణప్ప సాయంత్రం ఐదింటికి వెళ్ళిపోతాడు. ఆయనతో పాటే మాటలూ వెళ్ళిపోతాయి. మళ్ళీ పొద్దున ఏడింటికే. మధ్యలో పద్నాలుగు గంటలు. ఈరోజు సంగటి కెలికి, అలవాటుగా రెండు ముద్దలు కట్టాను. రెండోది ఎవరికని అడిగేవాళ్ళు కూడా లేరు. పొద్దున మజ్జిగలో పిసుక్కొని తాగాలి.

ఒంటరిగా ఉన్నానని ఏడవడం నాకు చేతకాదు. కానీ ఉన్నాను. అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఏం చేశానో క్రమంగా రాయాలి. రాస్తే అంత చెడ్డగా కనిపించదేమో.

పదకొండు దాటింది. గానుగ మిషను తిరుగుతోంది, ఇద్దరు కూలోళ్ళు చెరుకు పెడుతున్నారు. కొప్పెరలో రసం మరుగుతుంటే బెండకాడల జిగురు పోసి, పైకి తేలిన మడ్డి తీస్తున్నాను. లుంగీ, చిల్లుల బనియను, తలకు తువ్వాలు, ఒళ్ళంతా మసి. వెనక నుంచి ఆడగొంతు:

“అన్నా, కిశోర్ అనేవాళ్ళ గానుగ ఇదేనా?”

తిరిగి చూశాను. పుట్టుమచ్చ.

ఒంటరిగా వచ్చింది. చేతిలో గొడుగు, భుజాన సంచి. చింతామణి నుంచి రెండు బస్సులు మారి, ఆపైన ఆటో. నన్ను చూస్తే కోటులో ఉన్నవాడు ఎవరికీ గుర్తురాడు. ‘నేనేనమ్మా’ అని నోటిదాకా వచ్చింది. అప్పుడు బయోడేటా గుర్తొచ్చింది. కిశోర్ బెంగళూరులో ఉన్నాడు కదా.

“ఇదేనమ్మా. ఆయన బెంగళూరులో ఉంటాడు. నేను పాకం చూసేవాణ్ణి” అన్నాను.

“ఆదివారం కూడా రాడా అన్నా?”

“కంపెనీలో పని ఎక్కువంటమ్మా.”

ఎంత గడగడా వచ్చిందో ఆ మాట! పదమూడు సంబంధాల్లో ఏనాడూ రాని ధైర్యం.

గానుగ దగ్గరకు వచ్చినవాళ్ళను ఉత్త చేతుల్తో పంపకూడదు. చెంబుడు రసంలో నిమ్మకాయ, అల్లం పిండి ఇచ్చాను. బోర్లించిన డబ్బా మీద కూర్చుని నిదానంగా తాగింది. బెండకాడ ఎందుకని అడిగింది. మురికిని పట్టుకొని పైకి తెస్తుందని చెప్పాను. ఎంత రసానికి ఎంత బెల్లం అని అడిగింది. నాలుగు కడవలు పోస్తే ఒక కడవ దిగుతుందన్నాను. “తక్కిన మూడూ యాడికి పోతాయన్నా?” అంది. పైకి పోతాయని ఆవిరి వైపు చూపించాను. తలెత్తి ఆ ఆవిరినే చూస్తూ కూర్చుంది. అమ్మ తర్వాత ఆ కొప్పెర దగ్గర అంతసేపు ఎవరూ కూర్చోలేదు. నాకు లోపల ఎక్కడో మంట తగ్గించినట్టయింది.

అప్పుడే పొయ్యి దగ్గర నుంచి మునికృష్ణప్ప పెద్దగా అరిచాడు. “కిశోరప్పా! పొంగుతాండాది, చూడు!”

నేను ఉరికి నాలుగు చుక్కలు ఆముదం వేశాను. పొంగు దిగింది. దొంగకు తేలు కుట్టినట్టు అటే తిరిగి నిలబడ్డాను. తర్వాత అన్నాను కదా: “ముసలాయనకు మతిమరుపమ్మా. అందర్నీ ఓనరు పేరుతోనే పిలుస్తాడు.”

“ఓహో” అంది.

మిషను శబ్దంలో ఆ అరుపు సరిగ్గా వినపడి ఉండదు.

 గొడుగు చివరతో నేల మీద ఏవో గీతలు గీసింది. తర్వాత తనంతట తనే చెప్పింది.

“నా మొదటి పెళ్ళి బెంగళూరే. ఆయనకు ఉద్యోగం పోయింది. నాకు చెప్పలేదు. రోజూ పొద్దున్నే నాతో టిఫిన్ బాక్సు కట్టించుకొని పోయేవాడు. యాడికి పోతాండాడో ఎనిమిది నెలలు నాకు తెలీదు. ఒక దినం మా స్కూలు పిల్లల్ని పార్కుకు పిలుచుకొని పోతే, ఆడ బెంచీ మీద కూర్చొని నేను కట్టిన చిత్రాన్నం తింటాండాడు.” ఆగింది. “ఉద్యోగం పోయిందని కాదు. మనిషిని నమ్మి రోజూ కట్టిచ్చినా కదా, అది. అర్థమైందా మీకు?”

“అర్థమైంది” అన్నాను.

చెప్పాల్సింది అప్పుడే. కొప్పెర కూడా నెమ్మదిగానే ఉంది, తొందరేమీ లేదు. ‘అమ్మా, నేనే కిశోర్’. రెండు మాటలు. అంత మసిలో సిగ్గు కూడా కనిపించేది కాదు.

నేను పోయి మడ్డి తీశాను.

పాకం తీగకు వచ్చింది. వేళ్ళ మధ్య సాగదీసి చూస్తుంటే పక్కకు వచ్చి నిలబడింది. గంటెలో కొంచెం ఆరబెట్టి ఆమె అరచేతిలో పోశాను. నాకింది. కళ్ళు మూసుకుంది.

“చాలు. దించండి” అంది.

ఎవరూ చెప్పలేదు ఆమెకు, అలా అనాలని. మునికృష్ణప్ప పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. ఇద్దరం కలిసి కొప్పెర దించాం.  

వెళ్ళేటప్పుడు అంది: “కిశోర్ గారొస్తే చెప్పండి, భాను వచ్చిపోయిందని. ఆయన చెప్పేదేమన్నా ఉంటే మనుషుల్తో వద్దు, ఆయన్నే చెప్పమనండి. వచ్చే ఆదివారం దాకా నేను మా ఇంట్లో ఔననీ అనను, కాదనీ అనను.”

ఆటో మలుపు తిరిగేదాకా చూశాను.

ఇంకొకటి. వచ్చినప్పుడు అన్నా, అన్నా అని మూడుసార్లంది. తర్వాత ఒక్కసారి కూడా అనలేదు. మరిచిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 10

మిషను శబ్దంలో మన మాట మనకే వినపడదు. ఆమెకెలా వినపడుతుంది.

ఫిబ్రవరి 12

మునికృష్ణప్ప రెండు దినాలుగా నాతో ముభావంగా ఉన్నాడు. ఈరోజు పిప్పి ఎగదోస్తూ అడిగాడు. “నాకు మతిమరుపంట గదా?”

“అదేదో నోటికొచ్చింది మునికృష్ణప్పా.”

“అచ్చుబెల్లం చేసేవాళ్ళకు ముదిరేదాకా ఆగడమొస్తాది. నీకు ముందే దించడం అలవాటు. పాకానికి సరే, మాటను సగంలో దించకూడదప్పా. పొయ్యి నేను చూసుకుంటా. రేపే బస్సెక్కు.”

రేపు రెండు కొప్పెరలున్నాయి. చెరుకు నరికి పడేశాం, పులిసిపోతుంది. ఆదివారం దాకా వ్యవధి ఉంది కదా.

ఫిబ్రవరి 16, ఆదివారం

తలకు పోసుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఆ రోజు ఆమె దించమన్న కొప్పెరలోంచి ఒక సీసా నింపి, మూతకు గుడ్డ చుట్టి, సంచిలో పెట్టుకొని గౌరీబిదనూరు బస్టాండుకు వెళ్ళాను.

చిక్కబళ్ళాపురం బస్సు వచ్చింది. అక్కడ దిగి చింతామణి బస్సెక్కాలి. కండక్టరు పిలిచాడు కూడా. ఏమని మొదలుపెట్టాలో కుదరలేదు. ‘ఆ పాకం మనిషిని నేనే’ అంటే, మరి ఆ రోజెందుకు చెప్పలేదంటుంది.  బస్సు వెళ్ళింది. కాఫీ తాగాను. ఇంకో బస్సు వచ్చింది. కొప్పెర గుర్తొచ్చింది, మునికృష్ణప్ప ఒక్కడూ ఏం చేస్తాడు, ముదరబెడతాడు.

మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. కొప్పెర దగ్గర పనేమీ లేదు. ఆదివారం కదా, ఈ వారం కూలోళ్ళే రాలేదు.

ఫిబ్రవరి 19

నరసింహయ్య గానుగ దగ్గరికే వచ్చి చెంబుడు రసం తాగి, మూతి తుడుచుకొని మొదలుపెట్టాడు.

“ఏమప్పా, అమ్మాయి వచ్చి చూసుకొని పోయిందంట! నాకు ఒక మాటన్నా చెప్పల్యా?”

నేను మడ్డి తీస్తూనే ఉన్నాను.

“వద్దంటాండారు. నేను అడిగినా, ఎందుకమ్మా, సేద్యమని తెలిసిపోయిందా అని. సేద్యానికేం, మనిషి నచ్చినాడు నాకు అనింది. ఆయన పేరు ఇంకొకరు అరిచి చెప్పినా కాదన్నాడు, తన పేరు తానే కాదనేవాడితో యెట్లా బతికేది అనింది. ఏందప్పా ఇది? నాకేం అర్థం కాలా.”

నాకు అర్థమైంది. మునికృష్ణప్ప పిప్పి మోపు దించి, అటు తిరిగి కూర్చున్నాడు.

ఫిబ్రవరి 20

వినపడింది. మొదటి నుంచీ వినపడింది. అన్నా అనడం మానేసింది అందుకే. ఆ టిఫిన్ బాక్సు సంగతి ముక్కూ మొహం తెలియని కూలివాడికి ఎందుకు చెబుతుంది? నాకే చెప్పింది. చెప్పి, వారం గడువిచ్చింది. నేను బస్టాండులో కాఫీ తాగి వచ్చాను.

నాకు నా మీద అసహ్యంగా ఉంది. ఇంతకంటే వేరే రకంగా రాయడం రాదు.

ఫిబ్రవరి 24

రేపు వెళ్తాను.

ఫిబ్రవరి 26

శివరాత్రి. బడికి సెలవు. వెళ్ళినా ఉండదు.

మార్చి 3

ఈ వారం తప్పకుండా. సీసా అలమరలోనే ఉంది. చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పెట్టాను. చీమలకు దారి లేకుండా చేయడం మాత్రం నాకు బాగా తెలుసు.

మార్చి 10, సోమవారం

వెళ్ళాను.

పన్నెండుకు చింతామణిలో దిగాను. బడి గేటు దగ్గర కాపలా ఆయన పుస్తకం తోశాడు. పేరు, ఊరు, ఎవరిని కలవాలి, ‘విషయ’ అంటే వచ్చిన పని. అన్నీ కన్నడలో రాశాను. పేరు రాసేటప్పుడు అక్షరాలు చక్కగా వచ్చాయి. ఊరు తొండేభావి. విషయ అన్న గడి దగ్గర ఆగి, ‘బెల్లం’ అని రాశాను. ఆయన అదంతా ఒక చీటీ మీదికి ఎక్కించి లోపలికి పంపాడు. వేపచెట్టు నీడలో సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

విరామం గంట కొట్టాక వచ్చింది. చేతివేళ్ళకు సుద్ద. ఆ చీటీ పట్టుకొని, నా ముందు నిలబడి, పిల్లలకు చదివినట్టు చదివింది.

“కిశోర్. తొండేభావి. బెల్లం.”

లేచి నిలబడ్డాను. “ఔను. నేనే. ఆ పొద్దు కూడా నేనే. చెప్పకపోవడం తప్పు. బయోడేటా తప్పు. బెంగళూరు తప్పు. నేను సేద్యగాణ్ణి, బెల్లం వండుతా. ఇంతే చెప్పడానికొచ్చినా.”

బస్సులో నాలుగు గంటలు కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో అయిపోయింది.

“ఆ పొద్దే తెలుసు. పెద్దాయన అరవంగానే చూసినా. మీ చెవులు ఎర్రగయినాయి. మసిలో కూడా కనపడినాయి” అంది. “ఆదివారం ఎదురుచూసినా. పొద్దు గుంకేదాకా వాకిట్లోనే కూర్చున్నా.”

“గౌరీబిదనూరు బస్టాండు దాకా వచ్చినా.”

“ఆడి నుంచి?”

“కొప్పెర ఉండాదని...”

ఉందో లేదో ఆమె అడగలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టింది.

“మొన్న శుక్రవారం నాకు పెళ్ళి మాటలైపోయినాయి. శిడ్లఘట్ట పక్కన ఊరు.”

“ఉద్యోగమా?” అన్నాను. ఎందుకడిగానో తెలీదు.

“కాదు. ఆయనా సేద్యమే. పట్టుపురుగులు పెంచుతాడు. చూసేదానికొచ్చిన దినం కూర్చోకముందే చెప్పినాడు, నా దగ్గర పురుగుల వాసనొస్తాది, యెంత కడిగినా పోదు, ముందే చెప్తాండా అని.”

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. ఇద్దరం అలా నవ్వడం ఎంత బాగుందో, అదీ రాస్తున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎక్కడ చూడాలో తెలియక సంచిలోంచి సీసా తీశాను.

ఆమె అందుకొని మూత తీసి, ఎడమచేతి చిటికెన వేలు, సుద్ద లేని వేలు, ముంచి నాకింది.

“ఆ పొద్దుటిదేనా?”

“ఔను. నువ్వు దించమన్నదే.”

మూత బిగించింది. సీసాను రెండు చేతులతో పట్టుకుంది. గంట కొట్టారు. పిల్లలు వరండాలో అరుస్తున్నారు.

“బాగుండాదన్నా” అంది. “బస్సుకు టైమవుతాది, పోయిరా అన్నా.”

రెండుసార్లంది. మరిచిపోయి కాదు.

మార్చి 19

చివరి కొప్పెర. పొలంలో చెరుకు అయిపోయింది, మోళ్ళు మిగిలాయి.

మునికృష్ణప్ప ఈసారి ఆడగొంతు పెట్టలేదు. పాకం తీగకు రాగానే గంటెలో ఆరబెట్టి నేనే రుచి చూశాను. దించు అని నేనే అనుకొని దించాను. సరిగ్గానే వచ్చింది.

నరసింహయ్యకు ఫోను చేసి బయోడేటా మార్చమన్నాను. “బెల్లం వండుతాడని రాస్తే యెవురిస్తారప్పా?” అన్నాడు. ఇవ్వకపోతే ఇవ్వరు, అదే రాయమన్నాను. కోటు కూడా తీసేయమన్నాను.

సాయంత్రం కూలోళ్ళు తాగడానికని మిగిలిన నాలుగు గడలు మిషనులో పెడుతుంటే మోటారు సైకిల్ మీద ఎవరో కొత్తాయన వచ్చాడు. గుడిబండెలో అంగడట, సీసాలు కావాలట. నేను ఎప్పట్లాగే లుంగీ, బనియను, మసి. నన్ను పైకీ కిందకీ చూసి అడిగాడు.

“ఈడ కిశోర్ అంటే యెవరు?”

“నేనే” అన్నాను.

“ఆఁ?” చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మిషను శబ్దం.

పోయి మిషను ఆపాను. ఆపి, వచ్చి, మళ్ళీ చెప్పాను.